పంతులుగారి చెంప మీద ఆముదం

కాశీబుగ్గలో ఒక కల్యాణమండపంలో, పెళ్ళికొడుకు నేతి గరిటె ఇంకా చేతిలోకి తీసుకోకముందే హోమగుండంలో మంట భగ్గున లేచింది. కారణం, పురోహితులు భావనారాయణగారి గడ్డం కొసనుంచి జారిపడ్డ కొబ్బరినూనె. ఈ సంగతి ఆయనకొక్కరికే తెలుసు. మిగిలినవాళ్ళకి తెలియదు గనక, అగ్నిదేవుడు అడక్కుండానే సంతోషించాడని తీర్మానం జరిగింది. పెద్దవాళ్ళు లేచి దండాలు పెట్టారు. పెళ్ళికూతురి మేనత్త కళ్ళొత్తుకుంది. మగపెళ్ళివారిలో ఒకాయన, ఇలాంటిది తమ తాతగారి పెళ్ళిలో కూడా జరిగిందనీ, తాను చూడలేదు గానీ విన్నాననీ చెప్పాడు. భావనారాయణగారు కండువాతో గడ్డం తుడుచుకుని, మంత్రం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకున్నారు.

ఆయన మొహం పుట్టుకతోనే పొడి. చలికాలం సంగతి సరే, శ్రావణమాసం ముసురులో ఊరంతా చెమ్మగిల్లి గోడలు కారుతున్నప్పుడు కూడా ఆయన బుగ్గ మీద గోరుతో గీస్తే పలక మీద గీసినట్టు తెల్లగా గీత పడేది. పొడి ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అది సున్నితం కూడా. పక్కవాళ్ళు కొత్త సబ్బు రుద్దుకుంటే ఈయన బుగ్గలు ఎర్రబడేవి. ఆ పైన వృత్తి చూడబోతే పొద్దున్నే హోమం పొగ, మధ్యాహ్నం కర్పూరం వేడి. సాయంత్రం స్కూటరెక్కి ఉద్దానం తోటల్లో పడితే అక్కుపల్లి వైపునుంచి సముద్రపు గాలి ఉప్పు పట్టుకుని వచ్చి తిన్నగా మొహానే కొట్టేది. ముక్కు పక్కల, కనుబొమల మధ్య, చెవుల ముందు తెల్లటి పెచ్చులు లేచేవి. ఆశీర్వచనం చెపుతూ గట్టిగా తల ఊపితే అక్షతలతో పాటు అవీ కొన్ని పడేవి.

క్రీములు రాసుకోవచ్చు కదా అంటే ఆయన ఒప్పుకోరు. ఏ డబ్బాలో ఏం కలిపారో ఎవడికి తెలుసు, మడి కట్టుకుని వాటితో దేవుడి ముందు కూర్చోవడమా? అందుకని ఆయన ఒక సూత్రం పెట్టుకున్నారు: దీపం తాగే నూనె ఏదైతే ఉందో, మొహం కూడా అదే తాగాలి.

ఆ సూత్రం పట్టుకుని ఒక్కొక్క నూనే చూసుకుంటూ వచ్చారు. మొదట నువ్వులనూనె. శనివారం పూట దండిగా పట్టించుకుని పలాస స్టేషన్ రోడ్డు మీద నిలబడితే, దారినపోయే పెద్దమనిషి ఒకాయన ఒక్క క్షణం ఆగి చూసి, చెప్పులు విడిచి, ఈయన చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయాడు. తరవాత వేపనూనె. ఆ రోజు సత్యనారాయణవ్రతానికి కూర్చున్న దంపతులు పీటలు కొంచెం కొంచెం వెనక్కి జరుపుకుంటూ, నాలుగో కథకి వచ్చేసరికి వరండాలో ఉన్నారు. కానుగనూనె రాసిననాడు ఈగలు దగ్గరికి రాలేదు. అది లాభమే. భార్య సీతాదేవిగారు కూడా రాలేదు. చివరికి మన ఉద్దానం కొబ్బరే మనకి గతి అని కొబ్బరినూనె మీద నిలబడ్డారు. గుప్పిట్లో పోసుకుని, ఎండిన చెరువులో కాలవ వదిలినట్టు వదిలేవారు. అది మొహంలోకి ఇంకేది కాదు. మొహం మీదుగా ప్రయాణం చేసి గడ్డం చివర చేరి, అదను చూసుకుని దిగేది. హోమం కథ అదే.

ఆ రోజు భోజనాల దగ్గర వీడియో తీసే యువరాజు ఆయన్ని పక్కకి పిలిచాడు.

"పంతులుగారూ, ఓపాలి ఇలాగ రండి. కంగారేటీ లేదు గాని, ఇది సూడండి."

చూశారు. దగ్గరగా తీసిన మొహం, తెరనిండా. పెచ్చుల మధ్యనుంచి నూనె బొట్టు తాబేలులా దిగి, గడ్డం మీద ఒక్క క్షణం ఆగి, వేలాడి, జారింది. మంట లేచింది. యువరాజు దాన్ని నిదానంగా నడిపించి, వెనక్కి తిప్పి, మళ్ళీ నడిపించాడు. వెనక్కి తిప్పినప్పుడు బొట్టు మంటలోంచి లేచి గడ్డానికి అంటుకుంది.

"ఇది ఎవరికీ చూపించవు కదూ నాయనా?"

"అయ్యో, నానెందుకు సూపిత్తానండీ!" అన్నాడు యువరాజు. వాడు మాట తప్పే మనిషి కాదు. కాకపోతే వాడి దృష్టిలో పెళ్ళి కుదిరినవాళ్ళకి పనితనం చూపించడం, చూపించడం కింద లెక్క కాదు. అలా చూసినవాళ్ళలో సంజన ఉంది.

ఈ సంజన ఎవరో చెప్పాలి. ఉద్దానంలో, అక్కుపల్లి దారిలో, సింహాచలమ్మ అని ఒకావిడ ఉంది. జీడితోట కొంచెం, కొబ్బరిచెట్లు కొంచెం, ఇంటిముందు పాకలో ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి పిక్క కొట్టించి పప్పు తీయించే పని కొంచెం. సంజన ఆవిడ కూతురు, టెక్కలిలో కంప్యూటర్ పాఠాలు చెపుతుంది. భావనారాయణగారు మొట్టమొదట ఒంటరిగా చేయించిన పెళ్ళి ఆ సింహాచలమ్మదే. తల్లి పెళ్ళి చేయించిన చేత్తో కూతురి పెళ్ళి చేయించడమంటే పురోహితుడికి మామూలు సంగతి కాదు. సంజనకి సంబంధం కుదిరిందని విన్నప్పటినుంచీ ఆయన స్కూటర్ మీద వెళుతూ ఆ పెళ్ళి మంత్రాలే చదువుకుంటున్నారు.

సింహాచలమ్మ ఫోన్ చేసింది. "పంతులుగారూ, పిల్ల ఏటో అంటంది. ఓపాలి వచ్చి ఎల్లండి."

వెళ్ళారు. పాకలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిపిక్కలు కొడుతున్నారు. సంజన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడింది.

"పంతులుగారూ, మీరేటీ అనుకోకండి. యువరాజన్నియ్య వీడియో సూసినాను. మీ మొకం మీంచి పొట్టు రాలతంది. రేపు నా తలంబ్రాల్లో పడితే? వీడియో జన్మంతా ఉండిపోద్ది కదా. కౌండిన్యగారిని పిలుద్దామంటన్నాను."

కౌండిన్య భావనారాయణగారి మేనల్లుడు. మంత్రం ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. మొహం మాత్రం వాడి సొంతం, పాలమీగడలా ఉంటుంది.

సింహాచలమ్మ నలిగిపోయింది. "పెద్దోరు, అలాగనకే అమ్మీ! పంతులుగారూ, లగ్నపత్రిక రాయడానికి వత్తారు కదా, ఈలోగా మొకం కాస్త సూసుకోండి. అప్పుడికి బాగయితే మీరే. లేకపోతే..." అని ఆ మాట పూర్తి చెయ్యకుండా కొబ్బరిబోండం కొట్టడానికి దొడ్లోకి వెళ్ళిపోయింది. సంజనకి ఫోనొచ్చి గేటు దగ్గరికి వెళ్ళింది. భోజనాలవేళ కావడంతో ఆడవాళ్ళు చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి లేచారు.

పాకలో భావనారాయణగారూ, ఒక మట్టిసట్టిలో ఆముదమూ మిగిలారు.

పిక్క కొట్టేటప్పుడు పెంకులోంచి జీడి అనే ఘాటు రసం చిమ్ముతుంది. అది చర్మానికి అంటితే కాలుస్తుంది, నల్లబడుతుంది. అందుకని కొట్టే ముందు, మధ్యమధ్యా, ఆడవాళ్ళు ఆ సట్టిలో వేళ్ళు ముంచి చేతులకి ఆముదం పట్టించుకుంటారు. ఇది పలాసలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. భావనారాయణగారికీ తెలుసు. తెలియడం వల్లే వచ్చింది తంటా. జీడినే ఆపే నూనె ఉప్పుగాలిని ఆపదా? పైగా ఆముదం దీపం తాగేదే, సూత్రానికి లోటు లేదు. ఇన్నాళ్ళూ కళ్ళెదుట పెట్టుకుని ఊరూరా వెతికేను కదా అనుకున్నారు. అడిగి రాసుకోవచ్చు. కానీ పంతులుగారు మొహానికి ఆముదం అడిగారని ఆ పాకలో తెలిస్తే సాయంత్రానికి మందస దాకా పోతుంది. అటూ ఇటూ చూసి, నాలుగు వేళ్ళూ సట్టిలో ముంచి, ఎడమచెంపకి అదిమి పెట్టారు. కుడిచెంప వంతు రాకముందే దొడ్లోంచి అడుగుల చప్పుడైంది. చెయ్యి దించేసి, కళ్ళు మూసుకుని, తిథి లెక్క కడుతున్నట్టు పెదవులు కదిపారు.

"అబ్బ, మా పంతులుగారు ఎప్పుడూ మంత్రంలోనే ఉంటారమ్మా," అంది సింహాచలమ్మ బోండం అందిస్తూ.

పొద్దుటినుంచీ అందరి జీడి వేళ్ళూ ఆ సట్టిలోనే మునిగి తేలాయన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు.

ఇంటికి వస్తుంటే చెంప వెచ్చబడింది. మందు పనిచేస్తోందనుకున్నారు. కాశీబుగ్గ చేరేసరికి చిమచిమలాడింది. బాగా పనిచేస్తోందనుకున్నారు. తెల్లవారి కాఫీ తెచ్చిన సీతాదేవిగారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఎవరండీ?"

"ఎవరేవిటి?"

"కొట్టింది."

అద్దం చూసుకున్నారు. ఎడమచెంప మీద నాలుగు వేళ్ళూ, నల్లగా, కణుపులతో సహా పడి ఉన్నాయి. చూడగానే జీడి అని అర్థమైపోయింది. కానీ నలుగురూ వేళ్ళు ముంచిన సట్టిలోంచి ఆముదం దొంగిలించి మొహానికి రాసుకున్నానని ఏ నోటితో చెప్పడం?

"గోడ తగిలింది."

"గోడకి వేళ్ళున్నాయా?"

ఆయన అద్దం బోర్లించేశారు. మాట్లాడని మొగుణ్ణి చూసి ఊరు తనే మాట్లాడుకుంది. మందులషాపులో కొన్న పూతమందు రాసుకుని, కండువా చెంపకి కప్పుకుని తిరిగితే అనుమానం బలపడింది. పంతులుగారి చెంప పగిలింది, ఎవరు కొడతారు? బయటివాళ్ళు కొట్టరు, మరి ఇంట్లో ఉన్నది ఒక్కరే. బజారులో కూరగాయలమ్మే ఎర్రమ్మ ఏనాడూ సీతాదేవిగారికి ఎదురు మాట్లాడకుండా వంకాయలిచ్చిన మనిషి కాదు. ఆ రోజు లేచి నిలబడి, లేతవి ఏరి, ఇంకో గుప్పెడు కలిపి, "తీసుకోండమ్మా, మీకు నాలాటోలు సెప్పాలా," అంది. సీతాదేవిగారు నడుం నిటారు చేసుకుని ఇంటికొచ్చారు. పాలవాడు నీళ్ళు కలపడం మానేశాడు. పక్కింటాయన వీళ్ళ ప్రహరీకి ఆనించిన మోటారుసైకిల్ తనంతట తనే తీసేశాడు.

రెండో రోజు సాయంత్రం కౌండిన్య వచ్చాడు. అత్తయ్యకి వంగి నమస్కారం పెట్టి, కొంచెం దూరంలో కూర్చున్నాడు.

"మావయ్యా, నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో. ఆ ఉద్దానం పెళ్ళి కావాలంటే నేను చూసుకుంటాను."

"అక్కర్లేదురా."

"అలాగంటే ఎలాగ? ఆ మొహంతో..."

"అక్కర్లేదన్నానా!" అన్నారు భావనారాయణగారు. కేక పెట్టగానే చెంప సలిపి, కేకలో సగం మూలుగైపోయింది. వాడు వెళ్ళాక ఆయన దేవుడి గదిలో కూర్చుని, సంజన పెళ్ళి మంత్రాలు గొంతు పైకి రాకుండా చదువుకున్నారు. అది విని సీతాదేవిగారికి ఆ రోజు వంకాయకూర రుచించలేదు.

ఆ మర్నాడే సింహాచలమ్మ కూతుర్ని తీసుకుని బస్సు దిగింది. వినికిడి ఉద్దానం చేరిపోయింది మరి. గుమ్మంలోనే సీతాదేవిగారికి, "అమ్మా, మీరు మాతల్లి లాటోరు, మొగోడి మీద సెయ్యి సేసుకోడం..." అని మొదలుపెట్టి, లోపల కండువా జారిన చెంప చూసి, మాట మింగేసింది. దగ్గరికొచ్చింది. వంగి చూసింది. తన నాలుగు వేళ్ళూ ఆ నాలుగు మచ్చల పక్కన పెట్టింది.

"ఓలమ్మో! ఇది దెబ్బ కాదు. ఇది జీడి! పంతులుగారూ, మా సట్టిలో సెయ్యెట్టినారేటండి?"

భావనారాయణగారు నేలకేసి చూశారు. నేల ఏమీ సాయం చేయలేదు.

"ఉప్పుగాలి ఆపుతుందేమోనని," అన్నారు మెల్లగా.

సింహాచలమ్మ గోడకి జారగిలబడి నవ్వింది. కూర్చుని నవ్వింది. సంజన మొదట మర్యాదకి ఆపుకుంది, తరవాత చున్నీ నోట్లో కుక్కుకుంది, తరవాత అదీ మానేసింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సీతాదేవిగారు.

"నీకు తెలుసా?" అన్నారాయన.

"పలాసలో పుట్టినదాన్ని, జీడి మచ్చ ఎరగనా? కాఫీ గ్లాసు కింద పెట్టకముందే తెలిసింది."

"మరి చెప్పవేం?"

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి బజారులో నాకు మంచి వంకాయలిచ్చేరండీ! ఎలా చెప్పమంటారు?"

సంజన కళ్ళు తుడుచుకుని అసలు మాటకొచ్చింది. "అదంతా సరే. ముందు పొట్టే. ఇప్పుడు మచ్చ కూడా. మరి నా పెళ్ళో?"

"ఊడిపోతాదే," అంది సింహాచలమ్మ. "జీడి మచ్చ ఉండిపోడానికి రాదు. పప్పు మీద పొట్టులాగ లేసిపోతాది. కిందన కొత్త తోలు వత్తాది."

"ఊడకపోతే?"

సింహాచలమ్మ కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఇదిగో అమ్మీ, నా పెళ్ళిలో ఈయన మీ నాన్న గోత్రం మరిసిపోనారు. నిలువునా సెమట్లు. జనమంతా సూత్తన్నారు. నాను తలొంచుకునే, పెదాలు కదపకుండా సెప్పినాను. ఈయన అందుకుని గట్టిగా సదివేసినారు. ఇన్నేళ్ళలో ఎవరికేనా సెప్పినానా? ఒక్కరికి సెప్పలేదు."

"ఇప్పుడు ఇద్దరికి చెప్పేవు," అన్నారు భావనారాయణగారు నీరసంగా.

"ఇంటోలికి సెప్తే సెప్పినట్టా? అమ్మీ, నీ పెళ్ళి కౌండిన్యబాబు సేత్తే గోత్రం ఆయన మరిసిపోరు. అప్పుడు నాకేటి పని ఆ పందిట్లో? ఈయనే సెయ్యాల."

సంజన తల్లినోసారి, చెంపనోసారి చూసింది. "సరే, పంతులుగారే. కాని ఆ మచ్చ ఊడాల. పొట్టు రాలకూడదు. యువరాజన్నియ్య దగ్గరనుంచే తీత్తాడు, సెప్పేసినాను."

ఆ రోజునుంచీ సీతాదేవిగారు ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఎత్తి పెట్టేశారు. ఆయనకి స్నానం చేసి మొహాన్ని ఇత్తడి చెంబులా తోమి తుడుచుకునే అలవాటు. ఇప్పుడు తోమితే చెంప చేతికొస్తుంది. సబ్బూ దాచేశారు. నల్లపొర మెల్లిగా ఎండి, అంచులు లేచి, ఒక పొద్దున్న చన్నీళ్ళకి తనంతట తనే వచ్చేసింది. తుడుచుకోడానికి ఏమీ లేక, నీళ్ళు కారుతున్న మొహంతోనే పాత అలవాటు కొద్దీ నూనె సీసా ఎత్తారు. సీసాలో అడుగు. బోర్లిస్తే రెండు బొట్లు పడ్డాయి. ఆ రెండే అరచేతిలో రుద్ది, తడి మొహానికి అద్దారు.

జారలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కాసేపు ఎదురు చూశారు. రాలేదు. మధ్యాహ్నం హోమంలో కూర్చున్నారు, చర్మం బిగుసుకోలేదు. సాయంత్రం ఉద్దానం గాలిలో తిరిగొచ్చారు, చిటపటలాడలేదు. పొడి మొహానికి గుప్పెడు చాలలేదు, తడి మొహానికి రెండు బొట్లే సరిపోయాయి. ఇన్నేళ్ళూ తుడిచి రాసుకున్నారు. తుడుచుకోకుండా రాసుకుని ఉంటే పోయేది! ఈ సంగతి ఆయన ఉపదేశమంత్రంలా దాచుకున్నారు. లగ్నపత్రిక రాయడానికి వెళ్ళిననాడు సంజన ఎంత వెతికినా ఆ మొహంలో వంక దొరకలేదు. పెళ్ళినాడు సాయానికొచ్చిన కౌండిన్య పక్కపీట మీద కూర్చుని, మంత్రానికీ మంత్రానికీ మధ్య, "మావయ్యా, ఏం క్రీము?" అని మూడుసార్లు అడిగినా, "ఓం" అని తరవాతి మంత్రంలోకి వెళ్ళిపోయారు.

పెళ్ళి ఉద్దానంలోనే, ఇంటిముందు పందిట్లోనే జరిగింది. సముద్రపు గాలి కొబ్బరాకుల్ని పీకి పెడుతోంది. యువరాజు దీపాలు పెట్టి, కెమెరా పట్టుకుని పంతులుగారి ముక్కు దగ్గరే మకాం వేశాడు. ఒక్క పొట్టు రాలలేదు. హోమం కూడా వేళకి ముందు లేవకుండా, నెయ్యి పోసినప్పుడే లేచింది.

గోత్రం దగ్గరికొచ్చేసరికి భావనారాయణగారు ఆగారు. కౌండిన్య కంగారుపడి నోరు తెరవబోతే ఈయన మోకాలితో పొడిచారు. ఆయన మరిచిపోలేదు. నెల్లాళ్ళుగా స్కూటర్ మీద చదువుకుంటున్నదే. సింహాచలమ్మ వైపు చూశారు. ఆవిడ తలొంచుకుని, పెదాలు కదపకుండా, అల్లుడి గోత్రం చెప్పింది. ఆయన అందుకుని పందిరి అదిరేలా చదివారు. ఆవిడ పమిట చెంగుతో నోరు మూసుకుని ఎంతసేపు నవ్విందో, కళ్ళనీళ్ళు పెట్టుకుందని అందరూ ఓదార్చారు.

తలంబ్రాలయ్యాక యువరాజు వంగి సంజన చెవిలో ఏదో అన్నాడు. సంజన మొహం చిన్నబుచ్చుకుని ఇటు తిరిగింది.

"పంతులుగారూ, లైటంతా మీ మొకం మీదే పడి మెరిసిపోతందంట, పక్కన నాను మసగ్గా వత్తన్నానంట. అంత మేకప్పూ దండగయిపోనాది! కొంచెం తుడుసుకోకూడదేటండి?"

భావనారాయణగారు తలంబ్రాల పళ్ళెం పక్కకి జరిపి, కెమెరా వైపు మొహం ఇంకాస్త తిప్పి అన్నారు:

"పొట్టు తీసిన పప్పు మెరవకుండా ఎలాగుంటుందమ్మా!"